బుడబుక్కలవాడి ఒంటి మీద మా తాతగారి కోటు

పిల్ల అన్నం తినకపోతే దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానని చెప్పడం మా అత్తగారి పద్ధతి. ఎండాకాలం పాతసామాన్లవాడికి, వానాకాలం ఏలూరు కాలువలో ఉండే ఎవరికో, నెలగంట పెట్టాక బుడబుక్కలవాడికి. ఏడాది పొడుగునా ఆవిడ దగ్గర మనుషులు సిద్ధంగా ఉండేవారు. వాళ్ళందరిలోనూ సంక్రాంతి నెలవాడికే గిరాకీ ఎక్కువ, ఎందుకంటే వాడు నిజంగా వచ్చేవాడు.

డెబ్బైల మొదట్లో సంగతి. బెజవాడలో, సత్యనారాయణపురంలో ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను ఆడపిల్లల స్కూల్లో టీచర్ని. మావారు నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. మామగారు పోయాక అత్తగారు మంగళగిరిలో బట్టల కొట్టు మరిదికి అప్పగించి మా దగ్గరికి వచ్చేశారు. మా పాపకు అప్పుడు నాలుగున్నరేళ్ళు.

మా పుట్టింటివాళ్ళది మైలవరం దాటాక ఒక చిన్న జమీ. నేను పుట్టేనాటికే సగం పోయింది, నా చదువు అయ్యేనాటికి మిగతాదీ పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. పోయినవాటి గురించి చెప్పుకుని జాలి పుట్టించే అలవాటు మా ఇంట్లో లేదు. ఒక్కదాన్నే సంతానాన్ని కాబట్టి మిగిలినవన్నీ నాకే వచ్చాయి. మిగిలినవన్నీ అంటే రెండు: తాతగారి ఫొటో, ఆ ఫొటోలో ఆయన తొడుక్కున్న నల్లకోటు.

ఫొటో ముందుగదిలో గోడకు ఉండేది. కోటు నా ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య. మెడదాకా మూసి ఉండే కోటు, మోకాళ్ళ దాకా పొడుగు. ముందు వరసగా ఇత్తడి బొత్తాలు, ఒక్కో బొత్తం మీద ఒక చిన్న చేప. అది మా ఇంటి గుర్తు.

పొద్దున్నే స్నానం కాగానే పాప ఆ ఫొటో ముందు నిలబడి నమస్కారం చెయ్యాలి. తల వంచకుండా, నడుము నిటారుగా పెట్టి, ఆయన ముఖంలోకి చూస్తూ చెయ్యాలి. నన్ను చిన్నప్పుడు అలాగే నిలబెట్టేవారు. "పోలీసోళ్ళ సెల్యూట్ లాగుంది" అని మావారు ఎగతాళి చేసేవారు. చేస్తే చెయ్యనీ. ఆ పిల్లకు నేను పొలం ఇవ్వలేను, ఇల్లు ఇవ్వలేను. ఎవరింటి పిల్లవో తెలుసుకుని తలెత్తుకు నడవమని చెప్పగలను. అది చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మనిషే.

డిసెంబరులో మా వీధికి కోట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చేవారు. కింద ఉండే ఇంటివారు క్రైస్తవులు, ఇంటావిడ ఆసుపత్రిలో నర్సు. క్రిస్మస్ ముందు చర్చివాళ్ళు పాటలు పాడుకుంటూ వచ్చినప్పుడు వాళ్ళతో ఎర్రకోటు తాత గెంతుతూ వచ్చేవాడు. అట్టతో చేసిన ముఖం, దూది గడ్డం, కళ్ళ దగ్గర రెండు చిల్లులు. ఆ చిల్లుల్లోంచి ఎవరో చూస్తుంటే నాకే ఇబ్బందిగా ఉండేది. పాప మాత్రం మెట్లు దిగి వెళ్ళి చెయ్యి చాచి పిప్పరమెంటు బిళ్ళలు తెచ్చుకునేది. రెండోవాడు బుడబుక్కలవాడు. తలపాగా, నుదుటి నిండా కుంకుమ, భుజాల మీద రంగురంగుల గుడ్డపేలికలు, వాటి కింద ఎవరో ప్లీడరు వదిలేసిన వెలిసిన నల్లకోటు. చేతిలో బుడబుక్క. తెల్లవారకముందే వీధిలోకి వచ్చి అది వాయించి, ఏ ఇంటికి ఏం కాబోతుందో చెప్పి పోయేవాడు. తెల్లారాక మళ్ళీ వచ్చి బియ్యమో పాతబట్టో పుచ్చుకునేవాడు.

"ఎర్రకోటు తాత ఇస్తాడు, నల్లకోటోడు పట్టుకుపోతాడు" అని పాప తేల్చేసుకుంది. నాయనమ్మ చదువు.

"అత్తయ్యగారూ, పిల్లకి లేనిపోని భయాలు పెట్టకండి" అని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"భయం లేకపోతే అన్నం ఎట్టా దిగుద్ది? మీ ఆయన్నీ అట్టాగే పెంచా."

"అందుకే ఆయన ఇప్పటికీ మీరు పిలిస్తే ఉలిక్కిపడతారు."

"పడితేనే మంచిది" అన్నారావిడ.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున బుడబుక్క చప్పుడు సరిగ్గా మా మెట్ల కింద ఆగింది. అంబ పలుకు, జగదంబ పలుకు అని ఎత్తుకుని, మేడమీది పసిబిడ్డ మీద నరదిష్టి ఉందని, పెట్టెలో ఉన్న పాత వస్త్రం గడప దాటితే ఆ పీడ వదిలిపోతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. "పెట్టెలో ఏవుందో ఆడికెట్టా తెలిసింది?"

"ఎవరింట్లో పెట్టె ఉండదు? ఏ పెట్టెలో పాతబట్ట ఉండదు?"

"అందరిళ్ళల్లో పసిబిడ్డ ఉండదుగా."

నేను లేచి నీళ్ళు కాచుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉండి స్కూలుకు వెళ్ళాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గదంతా కలరా ఉండల వాసన.

"పెట్టె ఎవరు తీశారు?"

"నేనే. కోటు ఇచ్చేశా. పోయిందిలే పీడ."

"ఏ కోటు?"

"ఎన్నున్నయ్యేంటి? ఆ నల్లది."

"అది మా తాతగారి కోటు."

"పాత కోటని నువ్వేగా అన్నావు అమ్మాయ్."

అన్నాను. ఆవిడ వచ్చిన కొత్తలో ఆ పెట్టెలో ఏముందని అడిగితే, "మా పాత కోటుంది" అని తలెత్తి చెప్పాను. మా ఇంట్లో ఒక వస్తువును పాతది అన్నామంటే గొంతు కాస్త తగ్గించి అనేవాళ్ళం. పాత దివాణం, పాత వెండి, పాత మాట. ఆవిడ పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ పాతది అంటే స్టీలు గిన్నెకి మార్చుకునేది. మూడేళ్ళుగా ఒకే వంటింట్లో ఒకే మాటను వాడుతూ ఇద్దరం చెరొక అర్థంలో బతుకుతున్నామన్నమాట.

"బట్ట చచ్చిపోయింది" అన్నారావిడ, కొట్లో కూర్చున్న నాటి గొంతుతో. "చంక కింద చెయ్యి పెడితే అవతలికొచ్చింది. మా కొట్లో అయితే అట్టాంటి దాంతో దుమ్ము కూడా తుడవం."

మావారు ఆఫీసు నుంచి వచ్చి విషయం విన్నారు. "పోన్లే, చిమటలు ఇల్లు మారినయ్యి" అన్నారు. ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించానుగానీ మాట్లాడలేదు.

ఇచ్చిన బట్టను ఇచ్చినవాళ్ళ గుమ్మం ముందు తొడుక్కుని కనబడటం బుడబుక్కలవాళ్ళ మర్యాద. నాకు ఆ సంగతి ఆదివారం పొద్దున తెలిసింది. పది గంటలకి, మంచి ఎండలో, మా మెట్ల కింద వచ్చి నిలబడ్డాడు. ప్లీడరు కోటు మీద మా తాతగారి కోటు. చింతపండుతో తోమాడు కాబోలు, బొత్తాలు ధగధగలాడుతున్నాయి. నా పెట్టెలో ఉన్నన్నాళ్ళూ అవి నల్లబడే ఉన్నాయి. అది చూసి నాకు ఇంకా మండింది.

"దొరల బట్ట తొడిగించిన తల్లి చల్లగుండాలి" అని పైకి చూసి కేక వేశాడు. దొరల బట్ట అని అత్తగారే చెప్పి ఉంటారనుకున్నాను.

పాప కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తోంది. కిందికి చూసింది. వెనక్కి తిరిగి గోడమీద ఫొటో చూసింది. మళ్ళీ కిందికి చూసింది.

"అమ్మా, ముత్తాతయ్యే బుడబుక్కలోడా?"

"కాదు."

"అదే కోటు."

"కోటు అదే. మనిషి వేరు."

"మరి ముత్తాతయ్య కోటు ఆడికెందుకిచ్చాడు?"

"ఆయన ఇవ్వలేదు. మీ నాయనమ్మ ఇచ్చింది."

"అయితే నాయనమ్మకి ఆడు తెలుసన్నమాట. అందుకే పిలుస్తానంటది."

స్కూల్లో నలభైమందికి ఒకేసారి భూమి గుండ్రంగా ఉందని ఒప్పించగలను. ఇంట్లో ఒక్కదాన్ని ఒప్పించలేకపోయాను. మర్నాడు నమస్కారానికి రమ్మంటే రాలేదు. ముందుగదిలోకి అడుగుపెట్టకుండా వంటింటి వైపు నుంచి చుట్టూ తిరిగి వరండాలోకి పోయేది. చెయ్యి పట్టుకుని ఫొటో ముందుకు తీసుకువెళితే కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. నడుము మాత్రం నిటారుగానే పెట్టింది. అది ఇంకా బాధగా ఉంది.

రెండు రోజుల తర్వాత నేను ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో అత్తగారు ఫొటో కింద పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పాప. చేతిలో పప్పన్నం కంచం.

"ఊఁ, చూస్తన్నాడు. ముద్ద మింగకపోతే దిగొస్తాడు."

పాప నమలకుండా మింగుతోంది. కంచం దాదాపు ఖాళీ.

"మీరు చేస్తున్నదేమిటో మీకు తెలుసా అత్తయ్యగారూ?"

"అన్నం తినిపిస్తన్నా."

"ఆయనెవరో తెలుసా?"

"తెలుసమ్మా. ఇన్నాళ్ళకి మనింట్లో ఓ పనికొచ్చాడు."

పాపను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాను. అది నా భుజం మీదుగా ఫొటోను చూస్తూనే ఉంది, చూడటం మానేస్తే ఆయన కదులుతాడేమో అన్నట్టు.

మావారు ఉపాయం చెప్పారు. "నా పెళ్ళి కోటిచ్చి దాన్ని తెచ్చుకుందాం. పాప కళ్ళ ముందే పెట్టెలో పెట్టి తాళం వేద్దాం. పెట్టెలో ఉంటే ఆడి ఒంటిమీద లేనట్టేగా."

"మా ఇంట్లో ఇచ్చింది వెనక్కి అడిగినవాళ్ళు లేరు."

"అడగొద్దులేవోయ్. మార్చుకుందాం."

"గిన్నెలకి మార్చుకున్నట్టా?"

"కంచాలకైనా సరే. పిల్ల కళ్ళు మూసుకుని తిరుగుతుంటే ఎన్నాళ్ళు చూస్తాం?"

బెంజ్ సర్కిల్ దాటాక అప్పట్లో పొలాలూ ఖాళీ జాగాలూ. బుడబుక్కలవాళ్ళ గుడారాలు అక్కడ ఉన్నాయని కనుక్కుని, మావారు సైకిలు మీద వెళ్ళి ఆదివారం రమ్మని చెప్పి వచ్చారు. వాడు వచ్చాడు. నేను పెళ్ళి కోటు చేతిమీద వేసుకుని మెట్లు దిగాను. మావారు పైనుంచి చూస్తూ నిలబడ్డారు. ఇది నేనే మాట్లాడాలని ముందే చెప్పాను.

"ఇది తీసుకుని అది ఇవ్వు" అన్నాను. ఎందుకో చెప్పదలచుకోలేదు.

వాడు బుడబుక్క చంకలో పెట్టుకుని పెళ్ళి కోటును వేళ్ళతో తాకి చూశాడు. "బాగుందండి. కొత్తది. నాకు పనికిరాదండి."

"ఎందుకు?"

"కొత్త కోటు తొడుక్కుంటే నన్ను చూసి ఎవరు భయపడతారండి?"

"నీ పని భయపెట్టడమా?"

"భయపడకపోతే బియ్యం ఎయ్యరండి."

నాకు ఓపిక అయిపోయింది. "అది మా తాతగారి కోటు" అనేశాను.

"తెలుసండి. బొత్తాల మీద చేప ఉంది గదండీ. పెద్దమ్మగారు చేతిలో పెట్టగానే పోల్చుకున్నా."

"నీకెలా తెలుసు?"

"చిన్నప్పుడు మా అయ్యతో మీ ఊరొచ్చేవోణ్ణండి, కుప్పనూర్పిళ్ళ రోజుల్లో. మీ ఊళ్ళో మాకు గిట్టేది కాదండి."

"ఎందుకు గిట్టదు? మా తాతగారు ఎవర్నీ వట్టి చేతుల్తో పంపలేదు."

"దివాణంలో పెట్టేవోరండి, కాదన్ను. ఊళ్ళోనే పెట్టేవోళ్ళు కాదు. పిల్లలు మమ్మల్ని చూసి నవ్వేవోళ్ళండి. బుడబుక్కలోడికి పట్టిస్తానని తల్లులంటే, పట్టుకుపొమ్మను అనేవోళ్ళు. ఆళ్ళకి ఏరే ఉండేవోరండి."

"ఎవరు?"

వాడు కోటు అంచు పట్టుకుని కిందికి లాగి సరిచేసుకున్నాడు. "నల్లకోటు కళ్ళానికొస్తంది అనేవోళ్ళండి. అంతేనండి. ఏడ్చే పిల్ల నోరు మూసుకునేది. మింగని పిల్ల మింగేది."

"అబద్ధం" అన్నాను.

"అయ్యుండొచ్చండి. మా నోట్లోంచి వచ్చేది సగం అదే గదండీ" అన్నాడు, ఏమాత్రం తగువు లేకుండా. తగువుపడి ఉంటే నాకు హాయిగా ఉండేది.

నాకు ఆరేళ్ళప్పుడు తాతగారి వేలు పట్టుకుని కళ్ళాలకు వెళ్ళేదాన్ని. చలిరోజులు, ఆయన ఆ కోటు తొడుక్కునేవారు. కుప్పలు నూర్చేచోట ఆయన నిలబడితేగాని ధాన్యం కొలిచేవారు కాదు. మేము వీధిలోకి రాగానే ఆడుకుంటున్న పిల్లలు లేచి ఇళ్ళల్లోకి పరిగెత్తేవారు. తలుపులు మూసుకునేవి. ఎందుకు పరిగెడుతున్నారని అడిగాను ఒకసారి. "మర్యాద" అన్నారు తాతగారు. ఆ ఒక్క మాటే అన్నారు. ఇంచుమించు ముప్పై ఏళ్ళు నేను దాన్ని భద్రంగా ఉంచుకున్నాను. మీ ముత్తాతగారు నడుస్తుంటే ఊరు ఊరంతా పక్కకు తప్పుకునేదని పాపకు ఎన్నోసార్లు చెప్పాను కూడా.

నేను అక్కడ అలా నిలబడి ఉండగా మెట్లమీద అడుగుల చప్పుడు. అత్తగారు దిగివస్తున్నారు, ఆవిడ కొంగు చాటున పాప. చివరి మెట్టు మీద ఆగి, కొంగులోంచి ముఖం బయటపెట్టి అడిగింది.

"నువ్వు మా ముత్తాతయ్యవా?"

"కాదు తల్లీ. చూడు మరి" అన్నాడు వాడు.

బుడబుక్క మెట్టు మీద పెట్టాడు. గుడ్డపేలికలు తీశాడు. మా కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి మెట్ల పక్క కటకటాల మీద వేశాడు. దాని కింద ప్లీడరు కోటు, అదీ తీశాడు. దాని కింద చేతుల్లేని ఖాకీ కోటు ఒకటి, అదీ తీశాడు. చివరికి చిల్లుల బనీనులో ఒక బక్కమనిషి మిగిలాడు. ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఎండలో నిలబడి కూడా చలికి వణుకుతున్నాడు.

"ఓయమ్మ, ఇంతేనా నువ్వు" అన్నారు మా అత్తగారు. ఆవిడ గొంతులో నిజంగా మోసపోయిన బాధ ఉంది.

పాప కొంగు వదిలి కోటు దగ్గరికి వెళ్ళింది. అంచు ఎత్తి లోపలికి చూసింది. చినిగిపోయిన అస్తరు, అంతే. కోటు చేతిలోకి తన చెయ్యి భుజం దాకా దూర్చి చూసింది.

"ఇందులో ఎవరూ లేరు" అంది నాతో.

కోటు నాకు చేతి దూరంలో ఉంది. తీసుకుంటే అయిపోయేది. వాడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, నేను తీసుకుంటానో లేదో చూస్తూ నిలబడ్డాడు.

"తొడుక్కో" అన్నాను. "ఇచ్చింది ఇచ్చినట్టే."

"బొత్తాలు కోసిమ్మంటారా అండీ? కత్తి ఉంది."

"అక్కర్లేదు."

అత్తగారు నా చేతిమీది పెళ్ళి కోటు లాక్కుని పైకి బయల్దేరారు. "ఇదన్నా మిగిలింది. మళ్ళీ ఎవరన్నా పాతదంటారేమో" అని గొణుగుతూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం కంచం నా చేతిలో పెట్టారావిడ. "ఫొటో చూపిస్తే పిల్లని లాక్కుపోయావుగా. నువ్వే తినిపించు. ఏం చెప్పి తినిపిస్తావో నేనూ చూస్తా."

"ఏమీ చెప్పను."

"సరే."

గంటసేపు కూర్చున్నాను. పప్పన్నం చల్లబడి గట్టిపడింది. పాప ముద్ద బుగ్గన పెట్టుకుని గదంతా తిరుగుతోంది. మంచం కింద దూరింది, తలుపు వెనక నక్కింది, కిటికీ ఎక్కింది. నలభైమందిని కనుసన్నతో కూర్చోబెట్టే మనిషిని, చేతిలో కంచం పెట్టుకుని దాని వెంట తిరిగాను. నా సహనం పూర్తిగా అయిపోయింది.

"తినకపోతే..." అని నా నోటినుంచే వచ్చింది. అక్కడే ఆగిపోయాను.

పాప ఠక్కున నిలబడి గోడవైపు చూసింది. "ముత్తాతయ్య వస్తాడా?"

"రాడు."

"ఎందుకు రాడు?"

"ఆయనకి ఇప్పుడు కోటు లేదు."

ఎందుకలా అన్నానో తెలియదు. విసుగులో నోటికి వచ్చింది అనేశాను. పాప బుగ్గలో ముద్ద మెల్లిగా నమిలింది. మింగింది.

"అయితే చలేస్తది" అంది.

వంటింట్లోంచి అత్తగారు కేకేశారు. "తిన్నదా?"

"సగం."

"చెప్పలా."

మర్నాడు పొద్దున నేను లేచి ముందుగదిలోకి వచ్చేసరికి ఫొటో మేకుకి పాప స్వెట్టరు వేలాడుతోంది. పచ్చ ఊలుది, మోచేతుల దగ్గర ఉండలు కట్టింది, జేబు మీద కుందేలు బొమ్మ. చేతులు రెండూ ఫొటో పటానికి చెరో పక్కా వేలాడుతున్నాయి. తాతగారు మొత్తం దాని వెనకాల ఉన్నారు.

"ఎవరు పెట్టారిది?"

"అదే పెట్టమంది. నాకు అందదు, నువ్వు పెట్టు నాన్నా అంది. పెట్టా" అన్నారు మావారు, కాఫీ గ్లాసు వెనకనుంచి.

పాప స్నానం చేసి వచ్చింది. నేను పిలవలేదు. తనే ముందుగదిలోకి వచ్చి, కళ్ళు తెరిచి, ఫొటో ముందు నిలబడింది. నమస్కారం చెయ్యలేదు. స్వెట్టరు చేతులు రెండూ ముందుకు తెచ్చి ముడివెయ్యాలని ఎగిరింది, అందలేదు.

మా వంశంలో ఎవరికీ ఇలాంటి గతి పట్టలేదు. కుందేలు బొమ్మ చూసి చేతులు అటువైపు లేచాయి, తీసేద్దామని. స్టూలు తెచ్చుకుని ఎక్కాను కూడా. ముడి వేశాను. తర్వాత స్వెట్టరును కాస్త కిందికి లాగాను, ఫొటోలో కోటు కనబడకుండా, ఆయన ముఖం మాత్రం కనబడేలా.